మసకలో దాగిన లోతు

ఛాయాచిత్రమునకు లోతు లేదు. పెండ్లినాటి పటము కానిండు, తీర్థయాత్రలో తీయించుకొన్న పటము కానిండు, అది యొక పలుచని కాగితము మాత్రమే. ముందు కూర్చున్న తాతగారికిని, వెనుక నిలిచిన మనుమలకును, వారి వెనుక కనబడు గోపురమునకును నడుమ గల దూరమంతయు ఆ కాగితముపై అణగిపోయినది. ఉన్నదున్నట్లు చూపునని మనము మెచ్చుకొను కెమేరా, లోకమునకు గల మూడు కొలతలలో ఒకదానిని నిశ్శబ్దముగా హరించుచున్నది.

అయినను ఆ పటమును తీసిన ఛాయాగ్రాహకునికి ఆ దూరము తెలిసియే యుండెను. పూర్వపు పెద్ద కెమేరాను జ్ఞప్తికి తెచ్చుకొనుడు. అతడు నల్లని గుడ్డను తలపై కప్పుకొని, వెనుకనున్న గరుకు అద్దముపై తలక్రిందులుగా పడు బొమ్మను చూచుచు, కెమేరా తిత్తిని ముందుకును వెనుకకును జరుపుచు, తాతగారి కన్నులు తేటగా కనబడినచోట ఆపెను. ఆ తిత్తి యెంత సాగినదో, అందులోనే తాతగారు ఎంత దూరమున కూర్చుండిరో ఆ లెక్క యిమిడియున్నది. ఛాయాగ్రాహకుడు ఆ లెక్కను చేత పట్టుకొని, బొమ్మ తీసి, మరుక్షణముననే దానిని పారవేసెను. అతనికి కావలసినది బొమ్మయే గాని లెక్క కాదు.

ఇట్లు పారవేయబడిన లెక్కను మరల ఏరి తెచ్చి, దానితో వస్తువుల ఆకృతిని కొలుచుట యెట్లో కనుగొన్న వృత్తాంతమే నేటి ప్రసంగ విషయము. ఇది యే యొక్కరి ప్రతిభచేతనో ఒక్కనాట పుట్టినది కాదు. దాదాపు నాలుగువందల యేండ్ల కథ. ఇందులో ఒక జెసూటు మతగురువు, ఒక ఫ్రెంచి ప్రభువు, మెదడులోని నరముల చిక్కును విప్పదలచిన యొక యువకుడు, రాంచీలో చదివిన యొక భారతీయుడు, చివరకు మన గోడపై ప్రాకు చిన్న సాలెపురుగు కూడ పాత్రధారులు.

సూత్రము మాత్రము రేడియో గల యిండ్లవారికి కొత్తది కాదు. ముల్లును త్రిప్పి స్టేషనును పట్టుకొను సెట్టును తలచుకొనుడు. ముల్లు స్టేషనును సమీపించుకొలది గరగర తగ్గి మాట తేటపడును. అయినను, సరియైన స్థానమిదియే యని ఆ వచ్చుదారిలోనే ఎవరును నిశ్చయింపజాలరు. ముల్లు స్టేషనును దాటిపోయి, మాట మరల చెడిన పిదప, వెనుకకు మరలించినప్పుడే అత్యంత స్పష్టమైన చోటు చేతికి తెలియును. ఆ చోట ముల్లు చూపు అంకెయే ఆ స్టేషను చిరునామా. కెమేరా ఫోకసు కూడ ఇట్టిదే. కటకమును జరుపుచు పోవగా ఒక బిందువు మసకనుండి తేటకు వచ్చి, తేటనుండి మరల మసకకు పోవును. మిక్కిలి తేటగా నున్న క్షణమున కటకము ఎచ్చట నున్నదో, ఆ స్థానమే ఆ బిందువు ఎంత దూరమున నున్నదో చెప్పును.

ఈ విషయమును మనుష్యుడు మొదట తన కంటియందే గమనించెను. 1604లో జర్మను జ్యోతిశ్శాస్త్రవేత్త కెప్లరు, కంటిలోని కటకము బయటి వస్తువుల ప్రతిబింబమును వెనుకనున్న నేత్రపటలముపై తలక్రిందులుగా పడవేయునని నిరూపించెను. అట్లయిన దగ్గరి వస్తువును, దూరపు వస్తువును రెంటిని కన్ను ఎట్లు స్పష్టముగా చూడగలుగుచున్నది? ఏదో యొక సర్దుబాటు జరుగుచుండవలెను గదా! దీనిని పరీక్షించుటకు 1619లో క్రిస్టొఫ్ షైనరు అను జెసూటు గురువు ఒక చక్కని ఉపాయము పన్నెను. అట్టముక్కకు సూదితో రెండు బెజ్జములు దగ్గర దగ్గరగా పొడిచి, వానిగుండా ఒంటికంటితో ఒక సన్నని వస్తువును చూచెను. కన్ను ఆ వస్తువుపై కుదిరియున్నప్పుడు అది ఒకటిగనే కనబడెను. కన్ను మరియొక దూరమున కుదిరియున్నప్పుడు అదియే రెండుగా కనబడెను. మసక యనునది వట్టి అస్పష్టత కాదనియు, దానికొక నిర్మాణము కలదనియు ఈ ప్రయోగము చాటినది. కటకపు ఒక భాగముగుండా వచ్చిన బొమ్మయు, మరియొక భాగముగుండా వచ్చిన బొమ్మయు ఒకదానిపై నొకటి సరిగా పడకపోవుటయే మసక. ఈ మాటను మీరు గుర్తుంచుకొనవలెను. కథాంతమున దీనితో మరల పని యున్నది.

తరువాత తత్త్వవేత్తలు రంగమున ప్రవేశించిరి. 1637లో ఫ్రాన్సు దేశీయుడైన డెకార్టు, చేతులలో రెండు కఱ్ఱలు పట్టుకొని దూరమును తెలిసికొను అంధుని ఉపమానముగా జెప్పి, మన చూపునందు సహజమైన జ్యామితి యేదో పనిచేయుచున్నదనెను. కంటి ఆకారములోని మార్పు కూడ దూరమును తెలుపు సాధనములలో నొకటియని అతని మతము. 1709లో బర్క్‌లీ దీనిని ఖండించెను. చూచువాడు కోణములను లెక్కించుట లేదు. వస్తువు మిక్కిలి దగ్గరకు వచ్చినప్పుడు అది మసకబారుననియు, మసక యెక్కువైన దగ్గర అనియు అలవాటుచేతనే నేర్చుకొనుచున్నాడని అతడు వాదించెను. ఈ వివాదమున ఎవరు గెలిచిరను ప్రశ్న కంటె మనకు ముఖ్యమైనది మరొకటి కలదు. మసకను దోషముగా గాక సమాచారముగా భావించుట అప్పటికే ప్రారంభమైనది.

1801లో ప్రకటితమైన యొక వ్యాసమున ఆంగ్ల వైద్యుడు థామస్ యంగు ఈ సర్దుబాటు కంటిలో ఎచ్చట జరుగునో తేల్చెను. అతడు ప్రయోగమును తన కంటిమీదనే చేసికొనెను. కంటిని నీటిలో ముంచినచో పైపొర వంపునకు గల శక్తి దాదాపు నశించును. అయినను సర్దుబాటు చెడలేదు. కావున మార్పు జరుగునది పైపొరలో గాక లోపలి కటకముననే యని అతడు నిశ్చయించెను. వయస్సు పైబడిన కొలది ఆ కటకము బిరుసెక్కి సర్దుబాటు తగ్గిపోవుటనే మనవారు చత్వారమని చక్కగా పేరిడిరి. నలువది దాటిన ఈ ప్రసంగకర్తకు కూడ పుస్తకమును చేయి చాచి పట్టుకొని చదువవలసిన గతి పట్టినది గనుక, యంగు ప్రయోగము విలువ అనుభవపూర్వకముగా తెలియును.

మనుష్యుని కన్ను ఈ సర్దుబాటును దూరము కొలుచుటకు కొద్దిగా మాత్రమే వాడుకొనును. చేతికందు దూరము వరకు అది కొంత సాయపడును. అంతకు మించిన రెండు కన్నులును, పూర్వానుభవమును ఆ పనిని నిర్వహించును. కాని పరికరమునకు ఈ పరిమితి లేదు. ఆ సంగతిని మొదట కార్యరూపమున చూపినది 18వ శతాబ్దిలోని యొక ఫ్రెంచి ప్రభువు, షోన్ డ్యూకు. ఆయన సూక్ష్మదర్శినిని ఒక గుర్తుపై ఫోకసు చేసి, ఆ గుర్తుపై గాజుపలక నుంచి, గుర్తు మరల తేటపడుటకు సూక్ష్మదర్శినిని ఎంత పైకెత్తవలసి వచ్చినదో కొలిచి, దానినుండి గాజు వక్రీభవన గుణకమును రాబట్టెను.

మన కళాశాలలలో భౌతికశాస్త్రము చదివినవారు ఈ ప్రయోగమును చేతులార చేసియుందురు. చలన సూక్ష్మదర్శినితో మొదట కాగితముపై నున్న సిరా చుక్కను చూడవలెను. పిదప దానిపై గాజుదిమ్మ నుంచి, గాజుగుండా అదే చుక్కను చూడవలెను. తరువాత దిమ్మపై లైకోపోడియం పొడిని చల్లి, ఆ పొడి రేణువులను చూడవలెను. మూడుమార్లు ఫోకసు చేయుట, మూడుమార్లు వెర్నియరు చదువుట. ఉదాహరణకు మొదటి అంకె 40 మిల్లీమీటర్లు, రెండవది 46, మూడవది 58 అనుకొందము. గాజు అసలు మందము 58 నుండి 40 తీసివేయగా 18. కంటికి దోచు మందము 58 నుండి 46 తీసివేయగా 12. పదునెనిమిదిని పన్నెండుచే భాగింపగా 1.5, అదియే వక్రీభవన గుణకము. విద్యార్థి తాను గాజు గుణమును కొలిచితిననుకొనును. నిజమునకు అతడు చేసినది ఫోకసుతో లోతును కొలుచుట. స్కేలును గాజులోనికి దింపలేదు. దిమ్మను తాకనైన లేదు. తేట, మసకల భేదమే అతని కొలబద్ద. పొడిని చల్లుట యెందుకో కూడ ఆలోచింపదగినది. నున్నని గాజుపై కంటికి పట్టు దొరకదు. పట్టు లేనిచోట తేటయు లేదు, మసకయు లేదు. ఈ చిన్న చిక్కు ముందు ముందు పెద్ద చిక్కుగా ఎదురుపడును.

ఇంత సులభమైన ఉపాయము చేతిలో నుండగా, 1839లో ఛాయాచిత్రకళ లోకమునకు వెల్లడియైన పిమ్మట దానితో ఆకృతులను కొలుచుటకు జనులు దీనినేల వాడుకొనలేదు? వారు వేరు మార్గములను త్రొక్కిరి. అంతకు ముందే, 1838లో, ఇంగ్లండులో వీట్‌స్టను రెండు కన్నులకు రెండు వేర్వేరు బొమ్మలను చూపి లోతును పుట్టించు పరికరమును వివరించియుండెను. ఫ్రెంచి సేనలోని లోసెదా రెండు స్థలములనుండి తీసిన ఛాయాచిత్రములతో దేశపటములను రచించు విద్యను వృద్ధిచేసెను. పారిసు నగరమున విలెమ్ అను శిల్పి 1860 ప్రాంతమున మనుష్యుని చుట్టును 24 కెమేరాల నమర్చి, ఆ బొమ్మల అంచులనుబట్టి ప్రతిమలను చెక్కించెను. ఇవన్నియు పెక్కు చోట్లనుండి చూచు పద్ధతులు. ఒక్కచోటనే నిలిచి, ఫోకసును మార్చుచు కొలుచు పద్ధతి మాత్రము మూలనుండెను.

దీనికి రెండు కారణములు గలవు. మొదటిది లెక్కకు సంబంధించినది. 50 మిల్లీమీటర్ల నాభ్యంతరము గల కటకమును తీసికొందము. ఒక మీటరు దూరమునగల వస్తువు తేటపడుటకు ఫిలుమునకు 52.63 మిల్లీమీటర్ల దూరమున కటకముండవలెను. వస్తువు రెండు మీటర్లకు జరిగిన 51.28 మిల్లీమీటర్లు. అనగా కటకము 1.35 మిల్లీమీటర్లు కదలినది. ఇది సులభముగా కొలువదగిన కదలిక. కాని పది మీటర్ల దూరముననున్న వస్తువు ఇరువది మీటర్లకు పోయినను కటకము కదలవలసినది మిల్లీమీటరులో ఎనిమిదవ వంతు మాత్రమే. కొండలను, కోటలను కొలువదలచిన వానికి ఇది పనికిరాదు. దగ్గరనున్న చిన్న వస్తువులకే ఇది తగినది. వస్తువు ఎంత చిన్నదైన అంత తగినది. సూక్ష్మదర్శినిలోని శక్తిమంతమైన కటకము మైక్రోమీటరునకు లోపు మందము గల పొరను మాత్రమే తేటగా చూపును. అది వెండ్రుక మందములో సుమారు నూరవ వంతు. సాధారణముగా సూక్ష్మదర్శినితో పనిచేయువారు దీనిని పెద్ద లోపముగా నెంచి విసుగుకొనుచుందురు. కొలతకు అదియే వరమైనది. పొర ఎంత పలుచనైన కొలత అంత నిశితము.

రెండవ కారణము మరింత లోతైనది. తేటయా మసకయా యని తీర్పు చెప్పవలసినది మనుష్యుని కన్ను. ప్రయోగశాలలోని విద్యార్థి మూడు బిందువులను చూచునప్పటికే అలసిపోవును. ఒక నాణెపు ముఖముపై నున్న ఎత్తుపల్లములను గుర్తింపవలెనన్న లక్షలకొలది బిందువులపై, ఒక్కొక్కదానిపై పలుమార్లు తీర్పు చెప్పవలెను. ఏ మానవుని కన్ను ఆ పని చేయగలదు? ఒకే తీర్పును అలయక, మాటమార్చక, లక్షమార్లు చెప్పు న్యాయాధికారి కావలెను. అట్టి న్యాయాధికారి దొరకువరకు సూత్రము వేచియుండక తప్పలేదు.

ఆ నడుమ ఒక విచిత్రమైన మలుపు కలదు. అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయమున నున్న మార్విన్ మిన్‌స్కీ అను యువకుడు మెదడు ఎట్లు పనిచేయునో తెలిసికొనగోరెను. నరముల అల్లికను చూడవలెను. కాని సూక్ష్మదర్శిని క్రింద మెదడు ముక్క నుంచగా, చూడదలచిన పొరకు పైన క్రింద నున్న పొరల మసక వెలుతురంతయు క్రమ్మి, నరముల చిక్కు మరింత చిక్కుపడెను. అందుచేత అతడు వెలుతురును ఒక సూదిబెజ్జముగుండా పంపి, ఒకే బిందువుపై గుమికూర్చి, ఆ బిందువునుండి మరలిన వెలుతురును మరియొక సూదిబెజ్జముగుండా రానిచ్చెను. ఫోకసునందున్న బిందువునుండి వచ్చు వెలుతురు రెండవ బెజ్జమును దూరి వచ్చును. పైపొరలనుండియు క్రిందిపొరలనుండియు వచ్చునది అచ్చట విస్తరించిపోయి చాలవరకు ఆగిపోవును. ఒక్కొక్క బిందువుగా, ఒక్కొక్క పొరగా వస్తువును జరుపుచు బొమ్మను కూర్పవలెను. 1957లో పేటెంటునకు దరఖాస్తు చేయగా 1961లో అది మంజూరైనది. కాని నాటి ప్రపంచము దానిని పట్టించుకొనలేదు. 1980 తరువాత లేజరు వెలుతురును, కంప్యూటరును తోడైన పిమ్మట జీవశాస్త్ర పరిశోధనాలయములన్నిట ఆ పరికరమునకు స్థానము లభించినది. జీవకణములలోని అవయవములను పొరలు పొరలుగా చూచి, వాని నిజమైన ఆకృతిని కట్టుట దానివలన సాధ్యమైనది.

అదే మిన్‌స్కీ పిదప మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో కృత్రిమ మేధ పరిశోధనకు మూలపురుషులలో నొకడయ్యెను. అచ్చటనే 1968లో బెర్తోల్డ్ హార్ను, యంత్రము తనంతట తాను కెమేరాను ఫోకసు చేయుట యెట్లో ఒక పత్రమున చర్చించెను. 1970లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున టెనెన్‌బామ్ తన సిద్ధాంత వ్యాసమున ఈ విషయమునే పరిశీలించెను. లక్షమార్లు తీర్పు చెప్పు న్యాయాధికారి ఇట్లు సిద్ధమగుచుండెను. కాని కంప్యూటరునకు కన్ను లేదు, అంకెలే కలవు. తేట యనగా అంకెలలో ఏమి?

ఈ ప్రశ్నకు దొరికిన సమాధానము అతి సరళమైనది. తేటగా నున్న బొమ్మలో ప్రక్కప్రక్క బిందువుల వెలుతురునందు హఠాత్తుగా హెచ్చుతగ్గులుండును. నల్లని గీత ప్రక్కనే తెల్లని కాగితము. మసకబారిన బొమ్మలో నలుపు తెలుపులోనికి, తెలుపు నలుపులోనికి ప్రాకి రెండును బూడిదరంగుగా మారును. కావున ఒక్కొక్క చిన్న గడిలో ఇరుగుపొరుగు బిందువుల వెలుతురు భేదములను కూడినచో, ఆ మొత్తమే తేటకు కొలత. మొత్తము ఎక్కువైన తేట, తక్కువైన మసక.

1980 తరువాతి సంవత్సరములలో ఈ మార్గమున పలువురు కృషిచేసిరి. వారిలో శ్రీ కె. నాయర్ పేరు ముఖ్యముగా చెప్పదగినది. రాంచీలోని బిర్లా సాంకేతిక విద్యాసంస్థలో చదివి, అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము పొంది, కొలంబియా విశ్వవిద్యాలయమున ఆచార్యుడైనవాడు. ఆయనయు, యసువో నకగావాయు కలిసి 1994లో ప్రకటించిన పరిశోధన పత్రము ఈ విద్యకు దాదాపు పాఠ్యగ్రంథమైనది. వారి పరికరము ఒక సూక్ష్మదర్శిని, దానికొక కెమేరా, వస్తువును మెట్లు మెట్లుగా పైకి జరుపు వేదిక. ఒక్కొక్క మెట్టు వద్ద నొక బొమ్మ. ప్రతి బొమ్మలోని ప్రతి గడికి తేట యెంతయో లెక్కింతురు. ఏ బొమ్మలో ఏ గడి మిక్కిలి తేటగా నున్నదో చూచిన ఆ గడి ఎత్తు తెలిసిపోవును.

ఇచ్చటనే వారు మరియొక నేర్పును చూపిరి. మెట్టుకు మెట్టుకు నడుమ 10 మైక్రోమీటర్లున్నవనుకొందము. ఒక గడియందలి తేట 40వ మైక్రోమీటరు వద్ద 60, 50వ దాని వద్ద 80, 60వ దాని వద్ద 70 అని తేలినది. ఎత్తు 50 అని చెప్పి ఊరకుండవచ్చును. కాని కుడివైపు అంకె ఎడమవైపు అంకెకంటె పెద్దది గనుక, అసలైన శిఖరము 50కి కొంచెము అవతల నుండవలెను. మూడు అంకెలను కలుపుచు ఒక వంపుగీత గీచినచో శిఖరము 52 దాపున పడును. ఏ బొమ్మయు తీయని చోట నున్న శిఖరమును ఇరుప్రక్కల మసకయే పట్టియిచ్చినది. ముల్లును స్టేషను దాటించి వెనుకకు త్రిప్పు శ్రోత చేయుచున్నదియు ఇదియే గదా!

అయినను చిక్కులు లేకపోలేదు. గాజుదిమ్మపై పొడి చల్లిన విద్యార్థికి ఎదురైన చిక్కే యంత్రమునకును ఎదురైనది. సున్నము కొట్టిన నున్నని గోడ ఎంత ముందుకు వెనుకకు జరిపినను ఒకేవిధముగా కనబడును. భేదములు లేనిచోట కూడవలసినది సున్నయే. నాయర్ తన సహచరులతో కలిసి దీనికి విరుగుడుగా వస్తువుపై వెలుతురుతో గళ్ల అచ్చును ప్రసరింపజేసెను. పొడి చేయు పనిని వెలుతురు చేసినది. వస్తువునకు అంటినదేమియు లేదు. రెండవ చిక్కు, ఫోకసును మార్చినప్పుడెల్ల బొమ్మ పరిమాణము కూడ కొంచెము మారి, ఒక గడిలోని బిందువు ప్రక్క గడిలోనికి జారుట. కటకము ముందు సరియైన చోట ద్వారము నమర్చుటచే దీనిని నివారించిరి. మూడవది కాలము. బొమ్మలు వరుసగా తీయుచుండగా వస్తువు కదలరాదు. కదలు వస్తువునకు వేరొక మార్గము వెదకవలసి వచ్చెను.

ఆ మార్గము బర్క్‌లీ మాటనే తలపించును. శిఖరమును వెదకుటెందుకు? మసక యెంతయో కొలిచిన చాలదా? ఫోకసు తెలిసిన రెండు బొమ్మలను తీసి, ఒక దానిలోని మసకను మరియొక దానిలోని మసకతో పోల్చినచో దూరము తేలును. 1987లో పెంట్‌లండును, తరువాత స్టోనీ బ్రూక్‌లో మురళీ సుబ్బారావును ఈ పద్ధతిని అభివృద్ధి చేసిరి. మన దేశమున బొంబాయి ఐ.ఐ.టి.కి చెందిన సుభాసిస్ చౌధురియు, మద్రాసు ఐ.ఐ.టి.కి చెందిన రాజగోపాలనును కలిసి ఈ విషయముపై వ్రాసిన గ్రంథము 1999లో వెలువడినది.

ఇదంతయు మానవుని బుద్ధి విశేషమని గర్వించుటకు ముందు, ప్రకృతివైపు ఒకసారి చూడవలెను. 1977లో ప్రకటితమైన యొక పరిశోధనలో ఊసరవెల్లి కంటిముందు కటకముల నుంచి చూచిరి. కటకములచే దాని కంటి సర్దుబాటు మారగా, నాలుక పురుగునకు తగులక గురితప్పెను. ఊసరవెల్లి తన వేట దూరమును ఫోకసుతోనే కొలుచుచున్నదని తేలినది. 2012లో జపాను శాస్త్రజ్ఞులు దుముకు సాలెపురుగును పరీక్షించిరి. వలపన్నక, గోడలపై తిరుగుచు, ఈగలపై లంఘించు చిన్న సాలీడు ఇది. వారు పరీక్షించిన జాతి ఉష్ణదేశములన్నిట ఇండ్లలో మసలునది. మన గోడలపైనను కనబడును. దాని ప్రధాన నేత్రమున నేత్రపటలము ఒకటి గాదు, ఒకదానిపై నొకటిగా నాలుగు పొరలు. ఆకుపచ్చ వెలుతురు ఒక పొరపై తేటగా పడునప్పుడు, దాని పై పొరపై అదే బొమ్మ మసకగా పడును. ఆ మసక యెంతయో దానినిబట్టి సాలీడు దూరమును గ్రహించును. ఎఱ్ఱని వెలుతురులో మాత్రమే చూడనిచ్చినప్పుడు, బొమ్మ మరికొంత వెనుకకు జరిగి మసక హెచ్చెను. మసక హెచ్చగా వేట దగ్గర నున్నదని భ్రమించి, సాలీడు తక్కువ దూరము దుమికి వేటకు ఇవతలనే పడెను. ప్రయోగశాలలలో రెండు బొమ్మలను పోల్చు పద్ధతిని మనవారు కనుగొనుటకు ఎన్ని యుగములకు ముందో, ఆ పద్ధతి మన యింటి గోడపై ప్రాకుచుండెను.

ఈ విద్యవలన నేడు కలుగుచున్న ప్రయోజనములు సామాన్యములు కావు. కోత పనిముట్ల అంచు అరిగెనా, దవడలో నాటు కృత్రిమ దంతపు మర సరియైన గరుకుదనము కలిగియున్నదా అను విషయములను తాకకుండ కొలుచుటకు దీనిని వాడుచున్నారు. 2015లో అంతర్జాతీయ ప్రమాణ సంస్థ ఇట్టి పరికరములకు ప్రత్యేకముగా ఒక ప్రమాణమును ప్రకటించినది. అదే సంవత్సరమున చేతిలోని ఫోను కెమేరాతో ఫోకసును జరుపుచు తీసిన బొమ్మల వరుసనుండి ఎదుటి దృశ్యపు లోతును రాబట్టిన పరిశోధనయు వెలువడినది. తాకిన చెడిపోవు వస్తువును తాకకయే కొలుచుట ఇందలి ప్రధాన లాభము. జీవకణమును సూదితో గ్రుచ్చి చూచుటకును, వెలుతురుతో పొరలు విప్పి చూచుటకును గల భేదము ప్రాణమునకును మరణమునకును గల భేదమే.

ఇంతకును ఈ చరిత్రలో కొత్తగా పుట్టినది సూత్రము కాదు. ఛాయాగ్రాహకుడు తిత్తిని జరిపి పారవేసిన లెక్క, విద్యార్థి వెర్నియరుపై చదివిన అంకె, తత్త్వవేత్త వాదించిన మసక, ఇవి యన్నియు ముందునుండియు ఉన్నవే. మసక యనగా పొరపాటు, దానిని తొలగించుటయే విజ్ఞానము అనుకొన్నంత కాలము అవి వేర్వేరుగా పడియుండెను. మసకను గూడ సాక్షిగా పిలిచి విచారింపవచ్చునను ఆలోచన వచ్చిన పిమ్మటనే అన్నియు ఒక్కచోట చేరినవి.

షైనరు ప్రయోగమును గుర్తుంచుకొనుడంటిని. నేటి పెక్కు కెమేరాలలోను, ఫోనులలోను తనంతట ఫోకసు కుదుర్చు యంత్రాంగము కటకపు రెండు భాగములగుండా వచ్చు రెండు బొమ్మలను పోల్చి, అవి ఒకదానిపై నొకటి పడువరకు కటకమును జరుపును. 1619 నాటి అట్టముక్కలోని రెండు బెజ్జములే అవి. ఆ ప్రయోగమును మీ యింట పిల్లలచేత చేయింపవచ్చును. అట్టముక్కకు రెండు మిల్లీమీటర్ల ఎడముతో రెండు సూదిబెజ్జములు ప్రక్కప్రక్కన పొడిచి, ఒక కంటికి ఆనించి, జానెడు దూరమున నిలువుగా పట్టిన గుండుసూదిని చూడుమనుడు. చూపును సూదిపై నిలిపిన సూది ఒకటి. చూపును వెనుకనున్న గోడపైకి పంపిన సూదులు రెండు. అప్పుడు కుడి బెజ్జమును మూసిన ఎడమవైపు సూది మాయమగును. చూపును దగ్గరి సూదిపై నిలిపి, దూరమునందలి మరియొక సూదిని గమనించినచో, కుడి బెజ్జమును మూసిన కుడివైపుదే మాయమగును. అనగా వస్తువు చూపునకు ఇవతల నున్నదో అవతల నున్నదో మసకయే విప్పి చెప్పుచున్నది. పిల్లలు ఏలయని అడుగుదురు. కాగితముపై రెండు గీతలు గీచి చూపినచో చాలును, వారికి తెలిసిపోవును.